కలియుగ సంఖ్యకు కారణాంకాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కిందటి ఉగాదినాడు ఈ పందిట్లోనే పంచాంగ శ్రవణం జరుగుతున్నది. సిద్ధాంతిగారు కలియుగ ప్రమాణము నాలుగు లక్షల ముప్పదిరెండు వేల సంవత్సరములని చదివి, అందులో గతించినవి ఇన్ని, శేషించినవి ఇన్ని అని చెప్పబోతున్నారు. అంతలో ఒక కుర్రవాడు లేచి, "తాతయ్యా, అన్ని సంవత్సరాలని ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగినాడు. కొందరు నవ్వినారు. పక్కనున్న పెద్దమనిషి వాణ్ణి భుజం పట్టి కూర్చోబెట్టి, పెద్దలు చెప్పినదానికి ఎదురుప్రశ్న వేయరాదని కసిరినాడు. సిద్ధాంతిగారు చదువుతున్న చోట వేలు పెట్టుకొని ఒక్క నిమిషం ఆగి, ఏమీ అనకుండా మళ్ళీ చదువుకుంటూ పోయినారు.

కసిరినది మరెవరో కాదు, మేమే.

ఇంటికి వెళ్ళిన తరువాత ఆలోచిస్తే, వాడడిగినదానిలో తప్పేమీ కనబడలేదు. మాకు జవాబు తెలియకనే కసిరితిమన్న సంగతి మాత్రం స్పష్టంగా కనబడింది. అందుచేత ఈ ఏడాది తీరిక చిక్కినప్పుడల్లా ఆ సంఖ్యను ముందు పెట్టుకొని కూర్చున్నాము. కార్యవర్గం వారు ఈసారి ఏదైనా మాట్లాడమని అడిగినప్పుడు, వేరే విషయం ఎత్తుకొనుటకు మనసొప్పలేదు. వాడికి బాకీ ఉన్నాము. పదిమందిలో కసిరినాము గనుక పదిమందిలోనే తీర్చుకోవాలి.

ముందుగా ఆ సంఖ్యను తెలుగులో చదవండి. నాలుగు లక్షల ముప్పదిరెండు వేలు. షోలాపూరులో పుట్టి పెరిగిన మన పిల్లలు దీనిని "చార్ లాఖ్ బత్తీస్ హజార్" అని తడుముకోకుండా అంటారు. బడిలో ఇంగ్లీషులోనూ అంటారు. తెలుగులో అనమంటే ముప్పది దగ్గర ఆగిపోతారు. వారిని తప్పుపట్టడం లేదు. మన ఇండ్లలో సంతబేరమూ, చీటీల లెక్కా అన్నీ మరాఠీలోనే జరుగుతున్నప్పుడు వారికి తెలుగు అంకెలు ఎక్కడ వినబడతాయి? కానీ పావులూరి మల్లన పదకొండవ శతాబ్దంలోనే మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. లెక్కకు మన భాష చాలదని అనుకొనే అవసరం ఏనాడూ లేదు. కాబట్టి ఈ పూట లెక్క తెలుగులోనే చేద్దాము.

సంఖ్య ఎటువంటిదో తెలియాలంటే దానిని విడగొట్టి చూడాలి. 4,32,000ను రెండుతో భాగించండి: 2,16,000. మళ్ళీ రెండుతో: 1,08,000. అలా ఏడుసార్లు భాగిస్తే 3,375 మిగులుతుంది. అది బేసి సంఖ్య, ఇక రెండుకు లొంగదు. మూడుతో మూడుసార్లు భాగిస్తే 125. అది అయిదును మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చేది. అంటే మన సంఖ్యలో ఏడు రెళ్ళు, మూడు మూళ్ళు, మూడు అయిదులు ఉన్నవి. ఇంతే; మరో ప్రధాన సంఖ్య దానిలో లేదు. అంత పెద్ద సంఖ్యకు పునాదిలో ఉన్నవి మూడే రకాల ఇటుకలు.

ఇప్పుడు దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలెన్నో చూద్దాము. రెళ్ళలో ఏమీ తీసుకోకపోవచ్చు, ఒకటి తీసుకోవచ్చు, ఏడూ తీసుకోవచ్చు, ఎనిమిది విధాలు. మూళ్ళలో నాలుగు విధాలు, అయిదులలో నాలుగు విధాలు. ఎనిమిది నాలుగులు ముప్పదిరెండు. ముప్పదిరెండు నాలుగులు నూట ఇరవైయెనిమిది. నూట ఇరవైయెనిమిది భాజకాలు! దీనికి పోలికగా, 2026 మార్చి 19న ప్రవేశించే పరాభవ నామ సంవత్సరపు లెక్క చూడండి. ఆనాటికి కలిలో గడచినవి 5,127 ఏండ్లు. ఆ 5,127 అంటే మూడింతల 1,709. 1,709 ప్రధాన సంఖ్య. ఒకటి, మూడు, 1,709, తాను, ఈ నలుగురు తప్ప దానికి చుట్టాలు లేరు. అది గడచిన కాలం గనుక ఎంత వస్తే అంత. ఎవరూ ఏర్చి కూర్చినది కాదు. 4,32,000 మాత్రం అలా దొరికిన సంఖ్యవలె లేదు. ఇది మొదటి అనుమానం.

రెండవది మగ్గం ఎరిగినవారికి సులభంగా తట్టేది. ఈ ఊరికి నేతపని వెతుక్కొని వచ్చిన మన పద్మశాలి పెద్దలు పడుగును పోగు పోగుగా లెక్కించేవారు కారు, పుంజాలలో లెక్కించేవారు. పుంజం అంటే అరవై పోగులు. కొన్నిచోట్ల నూట ఇరవై పోగుల లెక్క కూడా ఉన్నది. అరవై ఎందుకు? అరవైని సగం చేయవచ్చు, మూడు భాగాలు చేయవచ్చు, నాలుగు, అయిదు, ఆరు, పది, పన్నెండు, పదిహేను చేయవచ్చు; ఎక్కడా పోగు తెగదు. నూరును మూడు భాగాలు చేయబోతే ఒక పోగు మిగులుతుంది. మన కాలగణనం కూడా ఈ పుంజాల లెక్కే. దినానికి అరవై ఘడియలు, ఘడియకు అరవై విఘడియలు, విఘడియకు ఆరు ప్రాణములు. దినమంతా కలిపి 21,600 ప్రాణములు. వృత్తానికి 360 భాగలు, భాగకు అరవై కళలు, అక్కడా 21,600. సంవత్సరాల పేర్లు ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై. ఇప్పుడు కలియుగాన్ని అరవైతో భాగించండి: సరిగ్గా 7,200. కలియుగమంటే ఏడువేల రెండువందల పుంజాల పడుగు అన్నమాట. ఒక్క పోగు ఎక్కువ లేదు, ఒక్క పోగు తక్కువ లేదు.

ఇంకా సూటిగా చెప్పాలంటే, అరవైని అరవైతో హెచ్చించి మళ్ళీ అరవైతో హెచ్చిస్తే, అంటే అరవై యొక్క ఘనం, 2,16,000. దానికి రెట్టింపు 4,32,000. మనం పదుల్లో రాస్తాము గనుక ఇది నాలుగు, మూడు, రెండు అంకెలతో ఏదో మెట్ల వరుసలా కనబడుతున్నది. అరవైల్లో రాసేవారికి ఇది రెండు పక్కన మూడు సున్నలు. మనకు రెండువేలు ఎంత గుండ్రని సంఖ్యో, వారికి ఇది అంత గుండ్రనిది.

అరవైల్లో రాసేవారు నిజంగా ఉన్నారు. బాబిలోను దేశపువారు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోను పూజారి తమ దేశ చరిత్రను గ్రీకు భాషలో రాసినాడు. ఆ గ్రంథం పోయింది. తరువాతివారు ఎత్తి రాసుకున్న ముక్కలు మిగిలినవి. జలప్రళయానికి ముందు పదిమంది రాజులు నూట ఇరవై 'సారో'లు ఏలినారని అందులో ఉన్నది. సారో అంటే 3,600 ఏండ్లు. హెచ్చవేసి చూడండి: 4,32,000. ఇది చూసి ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారని పండితులు చాలా కాలంగా వాదించుకుంటున్నారు. మాకు ఆ తగవులోకి దిగాలని లేదు. అరవైతోనూ మూడువందల అరవైతోనూ లెక్కించేవారు ఏ దేశంలో ఉన్నా, పెద్ద సంఖ్య కావలసి వచ్చినప్పుడు వారి చేయి ఇటువంటి సంఖ్య మీదనే పడుతుంది.

మన శతపథ బ్రాహ్మణంలోనూ ఇదే సంఖ్య ఉన్నది, అదీ యుగప్రసక్తి లేకుండా. ఋక్కుల మొత్తం పన్నెండువేల బృహతులని అక్కడ చెప్పబడినది. బృహతి ఛందస్సుకు ముప్పదియారు అక్షరాలు. మొత్తం 4,32,000 అక్షరాలు. వాటినే పంక్తి ఛందస్సులో పేర్చితే, పంక్తికి నలభై అక్షరాలు గనుక 10,800 పంక్తులు. దినానికి ముప్పది ముహూర్తాల చొప్పున 360 దినాలకు ముహూర్తాలు ఎన్ని? అవీ 10,800. చూశారా, భాజకాలు ఎక్కువ ఉన్నందువలన ఎన్ని విధాల పేర్చుకోవచ్చునో! అయితే ఋగ్వేదంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా లెక్కించినవారికి నాలుగు లక్షలకు లోపే వచ్చినవి. ఆ మహానుభావులకు లెక్కించడం చేతకాక కాదు. ఏడాదికీ వేదానికీ సరిపోలే కొలపాత్రను వారు చేసినారు. అది అక్షరాల జాబితా కాదు.

పురాణాల లెక్క కూడా ఇటువంటిదే. కలికి వేయి దివ్య సంవత్సరాలు, దానికి ముందు సంధ్య నూరు, తరువాత సంధ్యాంశ నూరు, మొత్తం పన్నెండువందలు. దివ్య సంవత్సరానికి మానుష సంవత్సరాలు 360. పన్నెండువందలను 360తో హెచ్చిస్తే మన సంఖ్య. ద్వాపరం దీనికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. అన్నీ కలిస్తే పదింతలు, 43,20,000, మహాయుగం.

బాబూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ వచ్చింది. ఎవరూ లెక్కపెట్టలేదు. దీనిని కూర్చినారు.

ఇక గణితజ్ఞులు సంఖ్యలకు పెట్టిన జాతులలో ఇది ఏ జాతికి చెందుతుందో చూద్దాము. మొదటిది అతి పాతది. ఒక సంఖ్యను, అది తప్ప దాని మిగతా భాజకాలన్నిటి మొత్తంతో పోల్చడం. మొత్తం సరిగ్గా సంఖ్యతో సమానమైతే పరిపూర్ణ సంఖ్య: ఆరుకు ఒకటి, రెండు, మూడు కలిస్తే ఆరు. తక్కువైతే లోప సంఖ్య, ఎక్కువైతే అధిక సంఖ్య. సుమారు 1,900 ఏండ్ల కిందట గెరాసా వాసి నికోమకస్ ఈ మూడు తరగతులనూ విపులంగా రాసినాడు. మన 4,32,000కు ఆ మొత్తం 11,59,200. రెండున్నర రెట్లకు మించినది. కలి అధిక సంఖ్యే. ఇందులో విశేషమేమీ లేదు, ఇన్ని భాజకాలున్నదానికి అది సహజమే.

రెండవ జాతి మన పొరుగువాడైన రామానుజన్ పెట్టినది. 1887లో ఈరోడులో పుట్టి, కుంభకోణంలో చదివి, మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసి, 1914లో ఇంగ్లండు వెళ్ళిన ఆయన, మరుసటి ఏడు 1915లో భాజక బాహుళ్యం గల సంఖ్యలపై ఒక పెద్ద వ్యాసం ప్రకటించినాడు. తనకన్న చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలు ఉన్న సంఖ్య ఏది అన్నది ఆయన ప్రశ్న. ఈ పరీక్షలో మన కలిసంఖ్య నెగ్గదు! దీనికి 128 భాజకాలు గదా. 83,160 అనే చిన్న సంఖ్యకే 128 ఉన్నవి. 3,32,640కు 192 ఉన్నవి. అదీ దీనికన్న చిన్నదే.

ఓడిపోయిన కారణం తెలుసుకోదగినది. ఆ గెలిచిన రెండు సంఖ్యల్లోనూ ఏడు ఉన్నది, పదకొండు ఉన్నది. మనదానిలో రెళ్ళు, మూళ్ళు, అయిదులే ఎక్కువెక్కువగా ఉన్నవి, ఏడు లేదు. ఒకటి నుండి పది వరకు ఏడు తప్ప అన్నీ దీనిని భాగిస్తాయి. ఏడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. గ్రీకు దేశపు ప్లేటో తన ఆదర్శ నగరానికి 5,040 కుటుంబాలు ఉండాలన్నాడు, ఎన్ని భాగాలుగానైనా పంచవచ్చునని. ఆ సంఖ్య ఏడుకూ లొంగుతుంది. వారానికి ఏడు రోజులుండగా మనవారు ఏడును ఎందుకు వదిలినారు? ఈ సంఖ్య కొలిచేది సంవత్సరాలను. సంవత్సరాన్ని మాసాలు, పక్షాలు, తిథులు, ఘడియలుగా విడదీసేటప్పుడు ఏడు ఎక్కడా తగలదు. వారం కావలసినప్పుడు జ్యోతిష్కులు కలి మొదలు నుండి గడచిన దినాలను, అహర్గణాన్ని, ఏడుతో భాగించి, శేషాన్ని శుక్రవారం నుండి లెక్కించుకున్నారు. ఆ శుక్రవారం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18. పనికి కావలసిన ఇటుకలే సంచిలో వేసుకున్నారు, బరువు పెంచుకోలేదు.

మూడవ జాతి మాకు చాలా నచ్చినది. ఒక సంఖ్యలో ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యా కనీసం రెండుసార్లయినా ఉంటే దానిని బలిష్ఠ సంఖ్య అంటారు. మనదానిలో రెండు ఏడుసార్లు, మూడు మూడుసార్లు, అయిదు మూడుసార్లు, బలిష్ఠమే. కానీ ఇది వర్గమూ కాదు, ఘనమూ కాదు, మరే ఘాతమూ కాదు. ఇట్లా బలముండి పరిపూర్ణత లేని సంఖ్యలకు పాశ్చాత్యులు ఎఖిలీస్ సంఖ్యలని పేరు పెట్టినారు. ఎఖిలీస్ గ్రీకు కథలో వీరుడు. ఒళ్ళంతా అభేద్యం, మడమ ఒక్కటే మెత్తన. మన పిల్లలకు దుర్యోధనుని తొడలంటే వేరే చెప్పనక్కరలేదు.

మన సంఖ్యకు ఆ మెత్తని చోటెక్కడ? మూళ్ళు మూడు, అయిదులు మూడు, చక్కగా ఘనానికి సరిపోయినవి. రెళ్ళు మాత్రం ఏడు. ఆరుంటే ఘనమయ్యేది, తొమ్మిదున్నా అయ్యేది. తొమ్మిది కావాలంటే ఇంకా రెండు రెళ్ళు కావాలి. అంటే నాలుగుతో హెచ్చించాలి. కలికి నాలుగింతలు ఏమిటి? కృతయుగం! 17,28,000. అది నూట ఇరవై యొక్క ఘనం. కావలసినవారు ఇక్కడే హెచ్చవేసి చూసుకోవచ్చును. ధర్మం నాలుగు పాదాల నడిచే యుగపు సంఖ్య పరిపూర్ణ ఘనం. ఒంటిపాదపు కలిసంఖ్య ఘనం కాలేకపోయింది. ఇది కనబడినప్పుడు మేము కొంతసేపు పలక పక్కన పెట్టి ఊరకే కూర్చున్నాము. అయినా దీనిని ఋషులు ఉద్దేశించి చేసినారని మేము చెప్పము. అరవై ఘనానికి రెట్టింపును నాలుగింతలు చేస్తే ఎనిమిదింతలవుతుంది, ఎనిమిది రెండు యొక్క ఘనం. అందువలన వచ్చిన అందం ఇది. కారణం తెలిసినంత మాత్రాన అందం తగ్గలేదు.

ఈ 1,728 పక్కనే మరో ప్రసిద్ధ సంఖ్య నిలిచి ఉన్నది. ఆస్పత్రిలో ఉన్న రామానుజన్‌ను చూడవచ్చిన హార్డీ తాను ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు 1729 అనీ, అందులో విశేషం కనబడలేదనీ అన్నాడట. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయదగిన సంఖ్యలలో అదే అన్నిటికన్న చిన్నదని రామానుజన్ వెంటనే చెప్పినాడు: పన్నెండు ఘనము, ఒకటి ఘనము, పది ఘనము, తొమ్మిది ఘనము. అందులోని పన్నెండు ఘనమే మన కృతయుగపు 1,728 వేలు.

ఇక నాలుగవ జాతి మన రాష్ట్రంలోనే పుట్టింది. నాసిక్ దగ్గర దేవళాలీలో దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ అనే బడిపంతులు ఉండేవారు. 1905లో జన్మించి 1986లో గతించినారు. పెద్ద ఉద్యోగం లేదు, పెద్ద పట్టా లేదు. సంఖ్యలే ఆయన స్నేహితులు. 6174 అనే అంకెతో ఆయన పేరు లోకమంతా తెలిసింది. 1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ ఆయనను గురించి రాసినాడు. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యకు ఆయన 'హర్షద' అని పేరు పెట్టినారు, హర్షమిచ్చేది అని. మన సంఖ్య అంకెల మొత్తం తొమ్మిది. తొమ్మిదితో భాగిస్తే 48,000. దాని అంకెలు పన్నెండు, భాగిస్తే 4,000. దాని అంకెలు నాలుగు, భాగిస్తే 1,000. మెట్టు మెట్టునా హర్షమే!

కానీ ఇక్కడ పిల్లలు ఒక భేదం గుర్తుంచుకోవాలి. ఏడు రెళ్ళు, మూడు మూళ్ళు, మూడు అయిదులు అన్నది ఆ సంఖ్య స్వభావం. తెలుగు అంకెల్లో రాసినా, అరవైల్లో రాసినా, గులకరాళ్ళు కుప్పపోసినా అది మారదు. అంకెల మొత్తం తొమ్మిది అన్నది మనం పదుల్లో రాయడం వలన వచ్చినది. బాబిలోనువాడు రాస్తే మొత్తం రెండే. మొదటిది మనిషి స్వభావం వంటిది, రెండవది తొడుక్కున్న చొక్కా వంటిది. తొమ్మిది వచ్చిందని మురిసిపోయేవారు చొక్కాను చూసి మురిసిపోతున్నారు.

ఈ మాట ఎందుకనవలసి వచ్చిందంటే, ఒక కరపత్రం మన వీథులలో చేతులు మారుతూ మా చేతికీ వచ్చింది. సూర్యుని వ్యాసార్ధం 4,32,000 మైళ్ళట. ఆ రహస్యాన్ని మన పూర్వులు కలియుగ సంఖ్యలో దాచినారట. సూర్యుని వ్యాసార్ధం 6,95,700 కిలోమీటర్లు. మైళ్ళలో సుమారు 4,32,300. దగ్గరగా ఉన్నమాట నిజమే. కానీ మైలు ఎవరిది? ఇంగ్లీషువాని కొలత. మన పూర్వులు యోజనాల్లో కొలిచినవారు. శతపథ బ్రాహ్మణం నాటి ఋషి లండనులో తరువాత పుట్టబోయే మైలును తలచుకొని సంఖ్యను కూర్చినాడని చెప్పడం ఆయనను గౌరవించడం కాదు. ఆయన చేసిన అసలు పనిని చూడకుండా, చేయని పనికి దండ వేయడం.

అసలు పని ఎంతటిదో ఆర్యభటుని దగ్గర తెలుస్తుంది. కలిలో అరవై అరవైలు, అంటే 3,600 ఏండ్లు గడచేనాటికి తనకు ఇరవైమూడేండ్లని ఆయన చెప్పుకున్నాడు, అది క్రీ.శ. 499. మహాయుగంలో, అంటే 43,20,000 ఏండ్లలో, చంద్రుడు 5,77,53,336 ప్రదక్షిణలు చేస్తాడని, కుజుడు 22,96,824, గురుడు 3,64,224, శని 1,46,564 అని ఇచ్చినాడు. ఎక్కడా భిన్నం లేదు. భిన్నాలు లేకుండా చేయడానికే అంత పెద్ద యుగం కావలసి వచ్చింది. బడిలో క.సా.గు. అని పిల్లలు చేసే లెక్కే ఇది, ఆకాశమంత పలక మీద చేసినది.

ఆ మహాయుగంలో దినాలు 157 కోట్ల 79 లక్షల 17 వేల 500. ఈ సంఖ్యకూ 43,20,000కూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం 7,500. రెంటినీ దానితో భాగిస్తే 2,10,389 దినాలు, 576 సంవత్సరాలు. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసిన భాస్కరుడు, ఇక కుదించరాని ఈ రెండు సంఖ్యలనే పట్టుకొని కుట్టక గణితం నడిపినాడు. 576 ఏండ్లకు 2,10,389 దినాలంటే, ఏడాదికి 365 దినాల 6 గంటల 12 నిమిషాల 30 సెకండ్లు. నక్షత్రాలను బట్టి కొలిచే సంవత్సరం ఇప్పటి కొలతలో 6 గంటల 9 నిమిషాల 10 సెకండ్లు. తేడా మూడు నిమిషాల ఇరవై సెకండ్లు.

ఇప్పుడొక చిక్కు ఉన్నది. మహాయుగంలో పదవవంతు గదా కలి. చంద్రుని ప్రదక్షిణలను పదితో భాగించండి. 57,75,333, ఇంకా పదింట ఆరు వంతులు! కలి పూర్తయ్యేసరికి చంద్రుడు దారిలో ఉంటాడు. నాలుగుతో భాగిస్తే మాత్రం చంద్రుడు, కుజుడు, గురుడు, శని అందరూ నిశ్శేషంగా వస్తారు. ఆర్యభటుడు మహాయుగాన్ని నాలుగు సమాన పాదాలు చేసి, పాదానికి 10,80,000 ఏండ్లన్నాడు. స్మృతులు చెప్పిన నాలుగు, మూడు, రెండు, ఒకటి అనే పంపకాన్ని విడిచిపెట్టినాడు. దీనిపైన బ్రహ్మగుప్తుడు 628లో ఆయనను గట్టిగా మందలించినాడు, స్మృతికి విరుద్ధమని. మనం కిందటేడు ఈ పందిట్లో చేసిన తగవు పదమూడువందల తొంభై ఏండ్లనాటి పాతదని తెలిసి మాకు కొంత ఊరట కలిగింది. మరొక మాట: అప్పుడు బ్రహ్మగుప్తుడు కసిరినా, ఊరకే కసరలేదు. ఇరవైనాలుగు అధ్యాయాల సిద్ధాంతం రాసి, తన లెక్క తాను చూపినాడు. మేము భుజం పట్టి కూర్చోబెట్టినామంతే.

గురుని ప్రదక్షిణల వలన మరో సంగతి తేలుతుంది. గురుడు ఒక రాశి దాటే కాలాన్ని ఒక ఏడుగా లెక్కిస్తే మహాయుగంలో 43,70,688 వస్తాయి. మన సంవత్సరాలకన్న 50,688 ఎక్కువ. అంటే సుమారు ఎనభైయైదేండ్లకు ఒక పేరు దాటవేయాలి. ఉత్తరాదివారు దాటవేసినారు, తెలుగువారమూ మరాఠీవారమూ దాటవేయలేదు. అందుచేత మన ఉగాదికీ పొరుగువారి గుడిపాడ్వాకూ దినమే కాదు, సంవత్సరం పేరు కూడా ఒకటే. కాశీ పంచాంగంలో మాత్రం వేరు.

సమయం మించుతున్నది, పచ్చడి చేసిన తల్లులు మా వైపు చూస్తున్నారు. పిల్లలకు ఒక పని చెప్పి సెలవు తీసుకుంటాము. కాప్రేకర్ మాస్టారు చూపిన ఆట ఇంకొకటి ఉన్నది. ఒక సంఖ్యకు దాని అంకెల మొత్తం కలిపితే కొత్త సంఖ్య పుడుతుంది. ఏ సంఖ్య నుండీ పుట్టనివి కొన్ని ఉన్నవి, వాటిని స్వయంభువులనవచ్చును. కలియుగ సంఖ్య స్వయంభువు కాదు. 4,31,973కు దాని అంకెల మొత్తం ఇరవైయేడు కలిపి చూడండి, 4,32,000 వస్తుంది. ఆ 4,31,973 పుట్టినది 4,31,946 నుండి. అది 4,31,919 నుండి. ఇక్కడ వంశం రెండుగా చీలుతుంది: 4,31,919కు తల్లులు ఇద్దరు, 4,31,901, 4,31,892. అక్కడి నుండి వెనక్కు వెళ్ళి, స్వయంభువు తగిలేదాకా వంశవృక్షం గీసి తెచ్చినవారికి వచ్చే ఆదివారం ఇక్కడే బహుమానం ఉన్నది. కూడికలు మాత్రం తెలుగులో పైకి చదువుతూ చేయాలి.

కిందటేడు ప్రశ్న అడిగిన బాబు ఎక్కడున్నాడు? ఇలా రా నాయనా, మొదటి కాగితం నీకే. సిద్ధాంతిగారు కూడా ఒకటి అడుగుతున్నారు.